బావిగువ్వ: కథ కోసం ఒక పిట్టను పుట్టించాను, దాని శకునాలు కుదిరాయా?

సీమరాత · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. అనంతపురం వైపు ఒక మెట్ట పల్లెలో జరిగే పెద్ద కథ రాస్తున్నాను. అందులో ఒక శకునపు పిట్ట కావాలి. ఉన్న పిట్టను పెడితే చదివేవాళ్ళు ముందే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. గుడ్లగూబ అనగానే చావు, పాలపిట్ట అనగానే దసరా. అందుకని లేని పిట్టను కల్పించాను. పేరు బావిగువ్వ.

గోరింక కంటే కాస్త పెద్దది. వీపు బూడిద రంగు, రెక్క విప్పితే లోపల ఇటుక ఎరుపు, కంటి చుట్టూ సన్నటి పసుపు గీత. పాత రాతికట్టు బావుల్లో రాళ్ళ సందుల్లో ఉంటుంది. పగలంతా లోపలే, పొద్దుగూకాక బయటికి వస్తుంది. కూత "ఊఁ... కో" అని రెండు ముక్కలు.

శకునాలు ఇలా అనుకున్నాను. ఎండిన బావిలో కూస్తే ఏడాది తిరక్కుండా నీళ్ళు పడతాయి. నిండు బావిలో కూస్తే ఆ ఇంట్లో ఒకరు పోతారు. మూడుసార్లు వరసగా కూస్తే కవలలు. ఎడమ నుంచి కుడికి దాటితే పెళ్ళి కుదురుతుంది. దాని ఈక దిండు కింద పెట్టుకుంటే కలలో దొంగ కనిపిస్తాడు. అమావాస్య నాడు దాన్ని చూస్తే చూపు పోతుంది.

నిజంగా ఉన్న పిట్టలా అనిపిస్తోందా? మొహమాటం లేకుండా చెప్పండి.

బైనాక్యులర్ బావ · శనివారం, రాత్రి 9:48

పిట్ట బాగుంది. శకునాలే మోతాదు మించాయి.

ముందు పిట్ట సంగతి. సందుల్లో, తొర్రల్లో గూడు పెట్టే పిట్టల గుడ్లు చాలావరకు తెల్లగా ఉంటాయి, చీకట్లో రంగుతో దాచుకోవాల్సిన పని లేదు కాబట్టి. పైడికంట అనే చిన్న గుడ్లగూబ, రామచిలుక, లకుముకి, అన్నిటివీ తెల్ల గుడ్లే. కథలో ఎక్కడైనా గుడ్డు వస్తే మచ్చలు, చుక్కలు పెట్టకండి. ఇక బావిలో కాపురం అంటారా, నమ్మొచ్చు. పాత బావుల గోడల్లో పైడికంటలు ఉండటం మామూలే, పావురాల సంగతి చెప్పక్కర్లేదు. గిజిగాడు బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకే గూళ్ళు కడుతుంది. ఏం తింటుందో మీరు రాయలేదు. పొద్దుగూకాక బయటికి వచ్చేదైతే పురుగులు, బల్లులు, చిట్టెలుకలు.

ఇప్పుడు శకునం. తీతువునే తీసుకోండి. మన దగ్గర చావు కబురు పిట్ట అంటే ముందు దాని పేరే చెబుతారు. కారణం దాని బతుకులోనే ఉంది. నేల మీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు. రాయికీ గుడ్డుకీ తేడా పోల్చుకోలేం. గూడంటూ లేదు కాబట్టి దానికి అరుపే కాపలా. రాత్రిళ్ళు కూడా మెలకువగానే ఉంటుంది. నక్క గానీ కుక్క గానీ మనిషి గానీ అటు వస్తే గాల్లోకి లేచి ఊరంతా లేచేలా అరుస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఫోన్లు లేని రోజుల్లో అర్ధరాత్రి చెరువు గట్టు మీంచి మనిషి ఎందుకు నడిచి వస్తాడు? పక్క ఊళ్ళో ఎవరో పోయారని కబురు చెప్పడానికే. ముందు తీతువు అరిచింది, కాసేపటికి తలుపు చప్పుడైంది. పిట్ట అబద్ధం చెప్పలేదు, మనిషి వస్తున్నాడని చెప్పింది.

మీ బావిగువ్వకి ఇలాంటి కారణం ఒక్కటి దొరికితే మిగతా శకునాలన్నీ కొట్టేయొచ్చు.

గోదారి గట్టు · శనివారం, రాత్రి 10:22

బావగారూ, తీతువు లెక్క భలే చెప్పారు. ఆకాశం ఎక్కడ మీద పడుతుందోనని అది కాళ్ళు పైకెత్తి పడుకుంటుందని మా అమ్మమ్మ చెప్పేది. పాపం, పిట్టకి చివరికి పరువు కూడా మిగల్చలేదు మనవాళ్ళు.

సీమరాత గారూ, మీ శకునాల్లో జనం చేసే పని ఏమీ లేదు. పిట్ట కూస్తుంది, ఏదో జరుగుతుంది, అంతే. నమ్మకం అన్నాక చేతికి పని ఉండాలి. జెముడుకాకి గూడు కథ మీకు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. జెముడుకాకి పిల్లల కాళ్ళు ఇనప తీగతో కట్టేస్తే తల్లి అడవికి పోయి సంజీవని పుల్ల తెచ్చి గూట్లో పెడుతుందట, దాంతో తీగ తెగిపోతుందట. తర్వాత ఆ గూడు మొత్తం తెచ్చి పారే నీళ్ళలో ఒక్కో పుల్లా వెయ్యాలి. అన్నీ వాలుకి కొట్టుకుపోతాయి, ఒక్కటి మాత్రం ఎదురెక్కుతుంది. అదే సంజీవని.

మా లాకుల దగ్గర కుర్రాళ్ళు ఈ పని చేస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాను. జెముడుకాకి గూడు చిన్నది కాదు, ముళ్ళపొదలో గుండ్రంగా, పైకప్పుతో సహా కడుతుంది. ఈనెలు, వెదురాకులు, గడ్డి. ఒకడు వేస్తున్నాడు, ఇద్దరు నీళ్ళలో నడుం లోతున నిలబడి చూస్తున్నారు. ఏదో పుల్ల గట్టు పక్క సుడిలో పడి గిర్రున వెనక్కి తిరిగింది. అంతే, ఈత రానివాడు కూడా దూకేశాడు. దొరికింది ఎండిన కొబ్బరీనె. "ఇది తల్లి తెచ్చిన పుల్ల కాదు, తండ్రి తెచ్చింది" అని ఒకడు తీర్పు చెప్పాడు. గూడు పోయింది, పిల్లలేమయ్యాయో ఎవరూ అడగలేదు.

ఆ కుర్రాడి తీర్పు చూశారా? అదీ అసలు సరుకు. నమ్మకం ఫలించకపోతే తప్పించుకునే దారి ముందే ఉండాలి. మా వైపు సంక్రాంతి పందేల్లో కుక్కుటశాస్త్రం చూసేవాళ్ళని అడగండి. ఏ రోజు ఏ రంగు కోడి గెలుస్తుంది, డేగా, కాకా, నెమలా, పింగళా, ఏ దిక్కు నుంచి బరిలోకి వదలాలి, అన్నీ రాసి ఉంటాయి. కోడి ఓడిందనుకోండి, శాస్త్రం తప్పు కాదు, మీరు వదిలిన దిక్కు తప్పు.

పాలమూరు పోరి · ఆదివారం, ఉదయం 7:05

మంచి శకునం పిట్టకి మంచి చేస్తుందని అనుకుంటున్నారా మీరంతా?

మా దిక్కు దసరా నాడు పాలపిట్టను చూడాలి. జమ్మి ఆకు పంచుకునే ముందో తర్వాతో ఊరి బయట చేన్ల వెంట తిరిగి దాన్ని చూసి వస్తే ఏడాదంతా జయమని నమ్మకం. పాండవులు జమ్మి చెట్టు మీంచి ఆయుధాలు దించుకుని వస్తుంటే పాలపిట్ట కనబడిందని చెప్తారు. రాముడు రావణుడి మీదికి పోయేటప్పుడు చూశాడని ఇంకొందరు చెప్తారు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగులో ఎవరూ పట్టించుకోనట్టు ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల నీలం చూడాలి, పెద్దవాళ్ళు కూడా ఒక్కసారి అరిచేస్తారు. చిన్నప్పుడు నాకు అదే పండగ.

పట్నంలో పిట్ట ఎక్కడిది? పండగకు ముందే పంజరాల్లో తెస్తారు. ఎగరకుండా రెక్కలకి జిగురు పూస్తారు, కాళ్ళకి దారం కడతారు. గుడి దగ్గర పెట్టుకుని కూర్చుంటే జనం పైసలిచ్చి దండం పెట్టి పోతారు. దండం పెట్టే పిట్టకి పొద్దున్నుంచి నీళ్ళు పెట్టారా అని అడిగేవాళ్ళు లేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, అటవీశాఖవాళ్ళు అప్పుడప్పుడు పట్టుకుంటారు కూడా. ఉమ్మడి రాష్ట్రంలో అదే రాష్ట్ర పక్షి. 2014లో తెలంగాణ వచ్చినాక కూడా దాన్నే పెట్టుకున్నాం. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది. చిలుక జోస్యం పంజరాల్లో ఉండేది కూడా రామచిలుకే, అది వేరే ముచ్చట.

2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక ప్రకారం పాలపిట్టలు పన్నెండేళ్ళలో సుమారు 30 శాతం తగ్గాయి. అంతా దసరా వల్లే అనడం లేదు. కానీ మీ బావిగువ్వ నీళ్ళు తెచ్చే పిట్ట అంటున్నారు కదా, నీళ్ళు లేని ఊళ్ళో దాన్ని పట్టి అమ్మేవాడు లేకుండా ఎట్ల ఉంటాడు? వాడు కూడా కథలో ఉండాలి.

తర్కం తాత · ఆదివారం, ఉదయం 8:31

ఉన్న మూఢనమ్మకాలు చాలవా, కొత్తవి కల్పించి మరీ వదలాలా? రేపు ఎవరో ఒకరు మీ కథలో ముక్క కత్తిరించి "రాయలసీమలో పూర్వీకులు చెప్పిన బావిగువ్వ రహస్యం" అని వాట్సాప్‌లో పెడతారు. కింద ఒక ఏఐ బొమ్మ కూడా వేస్తారు. మీరు కథ అని మొత్తుకున్నా వినేవాడు ఉండడు.

గుడ్లగూబ ఇంట్లో దూరితే కొన్నాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయిన కుటుంబాలు నాకు తెలుసు. గాదె దగ్గర ఎలుకల కోసం వచ్చిన పిట్ట అది. దాన్ని రాళ్ళతో కొట్టి చంపి, ఎలుకల మందు కొనుక్కొచ్చేవాళ్ళు. తర్వాత వ్యవసాయశాఖవాళ్ళు వచ్చి కంది చేలో పక్షి స్థావరాలు పెట్టండి, కర్రలు పాతండి, పిట్టలు వాలి పురుగుల్ని తింటాయి అని చెప్పాల్సి వచ్చింది.

నిర్వాహకులు · ఆదివారం, ఉదయం 9:00

తాతగారి ఆందోళన సబబే. ఈ చర్చలో బావిగువ్వ కల్పితమని మొదటి పోస్టులోనే ఉంది. ఇక్కడి నుంచి ఎవరైనా కాపీ చేస్తే ఆ మాట కూడా కలిపి చెయ్యండి. దయచేసి ఏఐ బొమ్మలు ఇక్కడ పెట్టొద్దు, ఇప్పటికే ఇద్దరు పెట్టారు, తీసేశాం.

ఇచ్ఛాపురం చిన్నోడు · ఆదివారం, ఉదయం 10:17

పాలమూరు పోరి గారు, తాతగారు చెప్పింది ఒకవైపు. మాది ఇంకోవైపు. మా దగ్గర తేలుకుంచి అని ఊరుంది. వానాకాలం మొదట్లో అక్కడికి కొంగలు దిగుతాయి, ముక్కు మూసినా మధ్యలో సందు కనబడే రకం, నత్తలు తింటాయి. ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు. అవి వస్తే వానలు బాగుంటాయి, పంట బాగుంటుంది అని ఊరి నమ్మకం. రాకపోతే బెంగ పెట్టుకుంటారు. కొమ్మ కొట్టరు, రాయి విసరరు. గాలివానకి కిందపడ్డ పిల్లని ఎత్తి పక్కన పెట్టేవాళ్ళని చూశాను. రెట్ట వాసన ఎలా ఉంటుందంటే, చుట్టాలు ఆ నెలల్లో రావడానికి ఆలోచిస్తారు. ఊరివాళ్ళు మాత్రం ఏమీ అనరు.

మీ సీమలోనే వీరాపురం ఉంది కదా, చిలమత్తూరు దగ్గర. అక్కడా ఇదే వరస, ఊళ్ళో చెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, వాటిని ఊరి అదృష్టమనుకునే జనం.

తేడా ఎక్కడుందో నాకు ఇలా అనిపిస్తుంది. పాలపిట్టను ఒక్కొక్కడూ విడిగా చూడాలి, అందుకే అమ్మేవాడు పుట్టాడు. కొంగల అదృష్టం ఊరందరిదీ, ఎవడూ తన పంజరంలో పెట్టుకోలేడు.

బోరుబండి · ఆదివారం, మధ్యాహ్నం 1:40

నేను రిగ్గు మీద పని చేస్తాను, అనంతపురం, సత్యసాయి జిల్లాలే ఎక్కువ. మీ కథలో బావి ఉంది, ఎండిపోయింది, నీళ్ళు పడతాయా అనే ఆశ ఉంది. మరి బోరు ఎక్కడ వేయాలో చూసి పాయింట్ పెట్టేవాడు లేడే?

మా బండి చేలోకి వెళ్ళే ముందే వాడు వచ్చి వెళ్ళి ఉంటాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తాడు, నీళ్ళున్న చోట కాయ నిలబడుతుందంటారు. ఇంకొకడు పంగల వేపపుల్లతో చూస్తాడు. ఎవడి ఫీజు వాడిది. ఆ చోట సున్నం చల్లి, రాయి పెట్టి, ఊదొత్తి వెలిగిస్తారు, అప్పుడు మేము దింపుతాం. నీళ్ళు పడితే అతని పేరు నాలుగు ఊళ్ళకి పాకుతుంది. పడకపోతే "నేను చెప్పిన చోటికి జానెడు పక్కన వేశారు" అంటాడు. పైన గోదారి గట్టు గారు చెప్పిన దిక్కు తప్పు లాంటిదే ఇది.

జియాలజిస్టుని పిలిచేవాళ్ళు లేరని కాదు. ఆయన యంత్రంతో చూసి వెళ్ళాక, ఆయన చెప్పిన చోట కూడా కొబ్బరికాయ పెట్టి చూసుకుంటారు. అప్పు తెచ్చి వేస్తున్న బోరు మరి, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. దుమ్ము లేస్తుంటే రైతు ముఖం చూడలేం.

రాత్రి డ్యూటీ · ఆదివారం, రాత్రి 11:52

పిల్లల వార్డులో నర్సుని. మీరంతా పిట్టను కల్పించడం ఎలా అని మాట్లాడుకుంటున్నారు, మన దగ్గర ఎప్పుడో కల్పించిన పిట్ట ఒకటి ఇంకా పని చేస్తోంది. "పక్షి". పక్షి దోషం, పక్షి తగిలింది అంటారు కదా, అది.

చంటిబిడ్డ బట్టలు పొద్దుగూకాక బయట తీగ మీద ఉండకూడదు, పైనుంచి పక్షి పోతే బిడ్డకి తగులుతుంది. కడుపుతో ఉన్నామె సందెవేళ ఆరుబయట పడుకోకూడదు. తగిలిన బిడ్డ పిడికిళ్ళు బిగించేస్తుంది, కళ్ళు పైకి తేలేస్తుంది, విల్లులా వంగుతుంది, ఒళ్ళు నీలంగా మారుతుంది. మంత్రం వేయిస్తారు, రాగి రేకు కడతారు.

నేను ఎంతోమంది అమ్మమ్మల్ని అడిగాను, ఆ పక్షి ఏది అని. ఒక్కరూ చెప్పలేదు. రంగు లేదు, కూత లేదు, ఏ చెట్టు మీద ఉంటుందో తెలియదు. గుడ్లగూబ అని ఒకామె అంటే పక్క మంచం ఆమె కాదంది. అయినా దాని గురించి అనుమానం మాత్రం ఎవరికీ లేదు.

ఒకసారి అలాంటి బిడ్డను అర్ధరాత్రి తెచ్చారు. ముందు మంత్రం దగ్గరికి వెళ్ళి, తగ్గక మా దగ్గరికి వచ్చారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఫిట్స్ వచ్చాయి. గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి పిడికిలి వదిలింది. ఛాతీ మీద మానిటర్ స్టిక్కర్లు అంటించాలి, అక్కడ నల్లతాడుకి రాగి రేకు ఉంది, చర్మం మీద దాని అచ్చు చదరంగా పడింది. పక్కకి జరపబోతే అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాదించడానికి టైం లేదు. విప్పి బిడ్డ కాలికి కట్టాను. ఆవిడ చెయ్యి వదిలింది.

ఇంకో సంగతి. బిడ్డ దవడ బిగిసిపోయి విల్లులా వంగిపోవడం అనేది ధనుర్వాతం వచ్చిన పసిబిడ్డల్లో కనిపించేది. బొడ్డు శుభ్రంగా కోయకపోతే వచ్చేది. గర్భిణులకి టీటీ ఇంజెక్షన్లు, ఆస్పత్రి కాన్పులు పెరిగాక బాగా తగ్గింది. మన దేశంలో ఇక అది ప్రజారోగ్య సమస్య కాదని 2015లో ప్రకటించారు. పాతకాలంలో "పక్షి" అన్నవాటిలో ఇవి చాలానే ఉండి ఉంటాయని నా అనుమానం. జబ్బు తగ్గింది, పక్షి మాత్రం ఎగిరిపోలేదు. ఇప్పుడు ఫిట్స్ వచ్చినా, గుండె జబ్బుతో ఒళ్ళు నీలంగా మారినా, దాని ఖాతాలోకే వెళ్తున్నాయి. రేకు కట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు, ఆటోలో కట్టుకోండి.

గోదారి గట్టు · సోమవారం, ఉదయం 6:40

"ఆటోలో కట్టుకోండి" అన్నారు చూడండి, మా ఇంట్లో గోడ మీద రాయించాలి ఇది.

తర్కం తాత · సోమవారం, ఉదయం 7:58

అమ్మా, మీరు రేకు కాలికి కట్టడం నాకు నచ్చలేదు. నమ్మకానికి మీరే మళ్ళీ ముడి వేశారు. బిడ్డ బతికాక ఆ అమ్మమ్మ ఊరికెళ్ళి ఏం చెబుతుంది? గ్లూకోజ్ అని చెప్పదు.

రాత్రి డ్యూటీ · సోమవారం, మధ్యాహ్నం 3:15

చెప్పదు, నిజమే. కానీ వాళ్ళింట్లో ఇంకో బిడ్డకి అలా అయితే ఈసారి ముందు ఎక్కడికి పరిగెడతారు? రేకు విసిరేసిన ఆస్పత్రికైతే రారు. మీరు చెప్పినట్టు చేయాలంటే ఆవిడతో తెల్లారేదాకా మాట్లాడాలి తాతగారూ, మా వార్డులో రాత్రికి ఎంతమందిమి ఉంటామో అడక్కండి.

కడప రాయి · సోమవారం, సాయంత్రం 6:20

లేని పిట్ట అనే మాట జాగ్రత్తగా వాడాలి. మా కలివికోడిని తీసుకోండి. 1848లో శాస్త్రవేత్తలు పేరు పెట్టారు, 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మళ్ళీ ఎవరూ నమోదు చేయలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు వెతుకుతుంటే మా రెడ్డిపల్లె దగ్గర స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టి చూపించాడు. తెల్లదొరల పుస్తకాల్లో పోయిన పిట్టకి ఊళ్ళో పేరు మాత్రం అలాగే ఉంది. దాని కోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

దాని మీద శకునం ఒక్కటి కూడా నేను వినలేదు. రాత్రి తిరిగే పిట్టే, కానీ ముళ్ళపొదల మధ్య ఊరికి దూరంగా తిరుగుతుంది. మనిషి గడప దగ్గరికి వచ్చే పిట్టకే మనవాళ్ళు పని అప్పగిస్తారేమో. ఆ లెక్కన బావిగువ్వకి చోటు సరిగ్గా కుదిరింది. రోజూ ఆడవాళ్ళు, పిల్లలు వచ్చే చోటు బావి.

సీమరాత · మంగళవారం, రాత్రి 10:05

అందరికీ చాలా థ్యాంక్స్. కవలలు, పెళ్ళి, దిండు కింద ఈక, అమావాస్య, నిండు బావిలో చావు అన్నీ తీసేశాను. కొత్తగా రాసుకున్నది ఇది.

బావిగువ్వ పురుగుల్ని తింటుంది. బావి పూర్తిగా ఎండితే వెళ్ళిపోతుంది. అడుగున చెమ్మ తిరిగి చేరితే పురుగు పుడుతుంది, పురుగు కోసం పిట్ట మళ్ళీ వస్తుంది. పైనుంచి చూసే మనిషికి నీళ్ళు కనబడకముందే కూత వినబడుతుంది. "ఎండిన బావిలో గువ్వ కూస్తే నీళ్ళు" అనే మాట అలా పుట్టింది.

చేతికి పని: కూత విన్న ఇంటివాళ్ళు తెల్లారేలోపు బావి గట్టు మీద పసుపు నీళ్ళు పోయాలి. తప్పించుకునే దారి: పోసేటప్పుడు లోపలికి తొంగిచూస్తే ఫలితం ఉండదు. అంటే పిట్ట నిజంగా ఉందా అని సరిచూసుకునే అవకాశం ఎవరికీ లేదు. రాత్రి డ్యూటీ గారి పక్షి గురించి చదివాకే ఇది తట్టింది. కథలో పిట్టను ఎవరికీ కనబడనివ్వను. రెక్క కింద ఇటుక ఎరుపు నాకు ఇష్టమే గానీ, అదీ పోయింది.

ఇంకొకటి తల్లుల మాట. పిల్లలు బావిలోకి వంగి అరిస్తే గువ్వ వాళ్ళ పేరు పట్టుకుని రాత్రి పిలుస్తుంది అని. గట్టు లేని బావులున్న ఊళ్ళో పిల్లల్ని దూరంగా ఉంచడానికి అది చాలు.

పాలమూరు పోరి గారూ, పట్టి అమ్మేవాడు ఉన్నాడు. పిట్ట లేదు కాబట్టి కూతే అమ్ముతాడు. పాయింట్ పెట్టేవాడే వాడు. రాత్రి చేను పక్క పాత బావిలో దిగి తనే కూస్తాడు, పొద్దున్న కొబ్బరికాయతో వస్తాడు.

పాలమూరు పోరి · మంగళవారం, రాత్రి 10:31

వాడు దొరికిపోవద్దు. దొరికితే నీతి కథ అయిపోతుంది.

బైనాక్యులర్ బావ · మంగళవారం, రాత్రి 11:02

కూత దగ్గర ఒక సవరణ. చెమ్మ చేరితే ముందు కప్పలు అరుస్తాయి, బావిలో నీళ్ళ కబురు చెప్పే హక్కు వాటిదే. మీ ఊరివాళ్ళకి కప్ప అరుపుకీ గువ్వ కూతకీ మధ్య గొడవ ఒకటి పెట్టండి. సగం మంది అది కప్పే అనాలి.

బోరుబండి · బుధవారం, ఉదయం 5:50

రాత్రంతా డ్రిల్లింగ్, ఇప్పుడే చూశాను. పాయింట్ పెట్టేవాడు బావిలో దిగి కూయడం బాగుంది, కానీ ఒక చిక్కు. బావి నీళ్ళు వేరు, బోరు నీళ్ళు వేరు. మీ బావి నలభై, యాభై అడుగులు, పైమట్టి, మెత్తరాయిలో ఊరే నీళ్ళు. మా వైపు బోరు వెయ్యి అడుగులు దాటుతోంది, గట్టి రాయిలో పగులు తగిలితేనే నీళ్ళు. వాన బాగా పడి బావిలో చెమ్మ వచ్చినంత మాత్రాన పక్కనే వేసిన బోరులో పడాలని లేదు. పిట్ట నిజంగా కూసినా, బావి నిజంగా ఊరినా, బోరులో దుమ్మే రావచ్చు.

ఈ సంగతి పాయింట్ పెట్టేవాడికి తెలుసు. రైతుకి కూడా తెలుసు. తెలిసీ వేయిస్తాడు, ఎందుకంటే బావిలో ఊరే నీళ్ళు రెండు తడులకి కూడా చాలవు, చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండిపోతోంది. ఆ రైతు పిట్టను నమ్మాడా లేదా అనేది మీరు తేల్చుకోవాలి. నేను చూసినవాళ్ళలో చాలామంది నమ్మరు, అయినా కొబ్బరికాయ కొంటారు.

సీమరాత · బుధవారం, ఉదయం 8:12

చీనీ తోట అనుకోలేదు, వేరుశనగ చేను అని రాశాను. తోట అయితే చెట్లు కళ్ళముందే ఎండుతాయి, అప్పు కూడా పెద్దది. మార్చుతున్నాను. ఒక చీనీ చెట్టు కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది, చెట్టుకి రోజుకి ఎన్ని లీటర్లు కావాలి, ఎవరైనా తోట ఉన్నవాళ్ళు చెప్పండి.